దూది అక్షరాల బి.ఏ.

మా మనవరాలి బడి నుంచి నిన్న ఒక ప్లాస్టిక్ కవరు వచ్చింది. విప్పగానే కొత్త గొడుగు వాసన గుప్పుమంది. లోపల నల్ల గౌను, పలకలాంటి టోపీ, టోపీ అంచున వేళ్ళాడే పసుప్పచ్చ కుచ్చు. యూకేజీ పూర్తిచేసిన పిల్లలకి పట్టాలిచ్చే పండగట. మనవరాలికి బూటు తాడు కట్టుకోవడం ఇంకా రాదు గాని, శనివారం నుంచి పట్టభద్రురాలు. ఆ సాయంత్రం ఇంట్లో చిన్న పార్టీ. బెలూన్ల కమాను కట్టడానికి అమలాపురం నుంచి మనుషులు వస్తారు. వాళ్ళే కట్టి, వాళ్ళే విప్పుకుని పోతారు, మధ్యలో మనం నిలబడి ఫొటో దిగితే చాలు. నేనేమీ అనలేదు. ఈ వయసులో ఏమీ అనకపోవడమే నాకున్న మంచిపేరు. కానీ ఆ గొడుగు వాసన పట్టుకుని, మా ఇంటికి మొట్టమొదటి డిగ్రీ వచ్చిన వానాకాలందాకా వెళ్ళి, భోజనాల వేళకి గాని తిరిగి రాలేదు.

అప్పటికి నాకు పదకొండేళ్ళు, తమ్ముడు ప్రసాదుకి ఎనిమిది. కొత్తపేటకి నాలుగు మైళ్ళలో, కాలవ గట్టున, కొబ్బరిచెట్ల నీడ తప్ప వేరే నీడ ఎరగని ఊరు మాది. అక్కడి మిషను బడిలో నాన్నగారు హెడ్మాస్టరు, అమ్మ టీచరు. ఆ బడికి ఉన్నదే ఇద్దరు కాబట్టి, హెడ్మాస్టరంటే అమ్మ కాని రెండో మనిషి అని అర్థం. బడిలో అమ్మని “టీచరుగారూ” అని పిలవాలి గనక, అలవాటు తప్పుతుందని నాన్నగారు ఇంట్లోనూ అలాగే పిలిచేవారు. నాన్నగారి తల్లి, మా మామ్మ, వయసులో ఉన్నన్నాళ్ళూ పరాయివాళ్ళ చేలల్లో వరినాట్లు ఊడ్చిన మనిషి. అక్షరమ్ముక్క రాదు గాని, కీర్తనలు మాత్రం పుస్తకం పట్టుకున్నవాళ్ళ కంటే ఒక చరణం ముందే పాడేది.

అమ్మా నాన్నగారూ ఇద్దరూ కలిసి ప్రైవేటుగా బి.ఏ.కి కట్టేరు. పుస్తకాలు మాత్రం ఒక్కటే జత. రాజమండ్రిలో పాతవి కొన్నారు, ముందు చదివినాయన పెన్సిలుతో రాసుకున్న అనుమానాలతో సహా. ఒక పుస్తకాన్ని ఇద్దరు చదవడం ఎలాగంటే, తెల్లవారుజామునే నాన్నగారు తలకి తువ్వాలు చుట్టుకుని వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ గొంతెత్తి చదివేవారు, లోపల అమ్మ కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి తోస్తూ, గొట్టంతో ఊదుతూ, గంజి వారుస్తూ, నా జడలు వేస్తూ వినేది. శీతాకాలం మంచులో ఆయన మాటలు ఆవిరై కనిపించేవి. ఎండాకాలం పనసపండు వాసనలో ఆర్థికశాస్త్రం కలిసిపోయేది. “టీచరుగారూ, ఫ్రెంచి విప్లవం అయిపోయిందండి, పప్పు అయ్యిందా?” అని ఒక గొంతూ, “విప్లవం ఇంకోసారి చదవండి, పప్పుకి టైముంది,” అని ఒక గొంతూ వింటూ మేం నిద్ర లేచేవాళ్ళం. అలా ఆయన నోటితోనూ, ఆవిడ చెవులతోనూ మూడేళ్ళు చదివేరు.

ఫలితాలొచ్చిన రోజు వాన. నాన్నగారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సైకిలూ పట్టుకుని కొత్తపేట పోయి పేపరు కొనుక్కొచ్చేరు. అమ్మ రోట్లో పెసరపప్పు రుబ్బుతోంది. ఆయన సైకిలు స్టాండు వేసి, గొడుగు దులిపి, ముడిచి, గోడకి ఆనించి, ఇంక చెయ్యడానికి ఏ పనీ మిగలక,

“టీచరుగారూ, మీ నెంబరుందండి,” అన్నారు.

పొత్రం ఆగింది. “మరి మీదో?”

“నా దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోయినట్టుందండి.”

అమ్మ నవ్వలేదు. ఆయన ఇంగ్లీషులో పోయేరు. అమ్మ మిషను బోర్డింగులో దొరసానుల దగ్గర పెరిగిన మనిషి. ఇంగ్లీషు ఆవిడకి జడ అల్లుకోవడంతోపాటే వచ్చేసింది. నాన్నగారు మాత్రం ఆ భాషని మొదట్నించీ చుట్టంగానే చూసేరు గాని ఇంట్లోకి రానివ్వలేదు.

“ఎవరితోనూ అనకండి,” అంది అమ్మ. “వచ్చే ఏడు మీరూ పాసయ్యేక ఇద్దరిదీ కలిపి చెప్పుకుందాం.”

“అప్పటికి ఎవరు ముందో ఎవరికీ గుర్తుండదని కదా మీ ఎత్తు? కుదరదండి. ఆదివారం సాయంత్రం కృతజ్ఞతా ప్రార్థన. పొట్టిక్కలు, టీ. అంతే.”

“ఏరా, డిగ్రీ అంటే ఓణీల ఫంక్షన్లాగా చెయ్యాలా, పెళ్ళిలాగా చెయ్యాలా?” అని మామ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మా వంశంలో ఎవరూ చేసి ఉండలేదు. నాన్నగారు కాసేపు ఆలోచించి, అలంకరణ శాఖని నాకూ ప్రసాదుకీ అప్పగించి తప్పుకున్నారు.

మాకు తెలిసిన అలంకారం ఒక్కటే, క్రిస్మసు. అటక మీంచి పెట్టె దింపితే, వెదురు బద్దల నక్షత్రం క్షేమంగా ఉంది, రంగు కాగితాల గొలుసులతో ఎలకలు మా కంటే ముందే పండగ చేసుకున్నాయి. కొత్త గొలుసులకి గులాబీరంగూ, ఆకుపచ్చా కాగితాలు తెచ్చేం. మైదాపిండి పొయ్యి మీద ఉడికించి జిగురు చేస్తే, ప్రసాదు అంటించినదానికంటే తిన్నదే ఎక్కువ. వాన గాలికి రంగు కారి, ఇద్దరి చేతులూ వారంపాటు గోరింటాకు పెట్టుకున్నట్టుండేవి. కొబ్బరిచెట్లెక్కి దింపుకాయ తీసే అతను రెండు పచ్చి మట్టలు నరికిచ్చేడు. మామ్మ ఆ ఆకుల్తో చిలకలూ, బూరలూ, చేతి గడియారాలూ అల్లి గుమ్మానికి వేళ్ళాడదీసింది. జూలైలో నక్షత్రమేమిటని అమ్మ అడిగితే, “తూర్పు దేశపు జ్ఞానులు కూడా చదువుకున్నోళ్ళేగా అమ్మా,” అన్నాడు ప్రసాదు. దానికి పాస్టరుగారు కూడా సమాధానం చెప్పలేరని నక్షత్రం ఉంచేశాం.

అసలు గొప్ప మాత్రం దుప్పటిది. ముదురు నీలం దుప్పటి గోడకి కట్టి, బూరుగు దూదితో అక్షరాలు చేసి, గుండుసూదులతో గుచ్చి, ‘మార్తమ్మ, బి.ఏ.’ అని రాశాను. దూది నాన్నగారి తలగడలోది. ఆ వారం ఆయన దాదాపు నేలకి సమానంగా పడుకున్నారు, మెడకి ఇదే మంచిదట.

ఆదివారం గుడి నుంచి వచ్చి అమ్మ ఆ దుప్పటి ముందు నిలబడింది. తరవాత పీట వేసుకుని ఎక్కి, తన పేరు ఒక్కొక్క అక్షరమే తీసేసింది. ఒక్క దూదిపోగు కింద పడనివ్వలేదు, అంత జాగ్రత్తగా తీసింది. “ఉన్న సంగతి ఉంది కదే. పేరెందుకు?” అంది. నేను ఏడుస్తుంటే చెంగుతో నా ముక్కు తుడిచింది గాని పేరు మాత్రం తిరిగి పెట్టనివ్వలేదు. దుప్పటి మీద ఎడంపక్క పన్ను ఊడినట్టు ఖాళీ, కుడిపక్క ‘బి.ఏ.’ మిగిలేయి.

సాయంత్రానికి వాన వెలిసింది. పనసాకుల బుట్టల్లో ఇడ్లీల్లా ఉడుకుతున్న పొట్టిక్కల ఆవిరీ, కొబ్బరి పచ్చడి తాలింపూ వీధి మొదటిదాకా వెళ్ళి జనాన్ని పిలుచుకొచ్చేయి. వచ్చినవాళ్ళు ముందు నక్షత్రాన్ని చూసేరు, తరవాత దుప్పటిని చూసేరు, తరవాత తిన్నగా నాన్నగారి దగ్గరికి పోయి ఆయన చేతులు పట్టుకున్నారు.

“మాస్టారూ, మొత్తానికి సాధించేరండి.”

“నేను కాదండి, మా టీచరుగారండి.”

“ఆయ్, ఆ మాట నిజమేనండి. ఆడవాళ్ళ సహకారం లేందే మనం ఏదీ సాధించలేమండి.”

ఆయన ఎంత కాదంటే అంత వినయమనుకున్నారు. నేను నోరు తెరవబోతే అమ్మ వంటింటి గుమ్మంలోంచి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. “ఊరుకో. నాన్నగారికి నలుగురిలో చిన్నతనం,” అంది. ఆవిడ మొహంలో బాధ లేదు. బరువు దించుకున్నట్టే ఉంది. నా బాధల్లా అదే.

పాస్టరుగారు కడియం నుంచి తెప్పించిన గులాబీల దండ నాన్నగారి మెడలో వేసేరు. అందరూ చాపల మీద మోకరించి కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారి ప్రార్థన ఎప్పుడూ సృష్టి దగ్గర మొదలై, వర్షాల మీదుగా అసలు విషయానికొచ్చేది. వచ్చింది. “ప్రభువా, ఈ దీనమైన కుటుంబంలో నీ సేవకుడు దేవసహాయంగారికి బి.ఏ. పట్టా అనుగ్రహించినందుకు...”

“క్షమించాలండి పాస్టరుగారూ,” అన్నారు నాన్నగారు.

ప్రార్థన మధ్యలో ఒక మనిషి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు. నలభై జతల కళ్ళు తెరుచుకున్నాయి.

“పాసైంది నేను కాదండి. నేను ఇంగ్లీషులో పోయానండి. పాసైంది మా ఆవిడండి. దేవుడికి తప్పు లెక్క అప్పజెప్పడం ఎందుకని చెబుతున్నానండి.”

“ఆయ్, మా కోడలేనండి,” అంది మామ్మ, వెనకనించి, సాక్ష్యం చెబుతున్నట్టు. పాస్టరుగారు మాత్రం కళ్ళు తెరవలేదు. గొంతు సవరించుకుని, “ప్రభువా, ఈ సంగతి నీకు ముందే తెలుసు. మాకు ఇప్పుడే తెలిసింది,” అని, మార్తమ్మ పేరు చెప్పి ఆమేన్ దాకా సాఫీగా నడిపించేరు.

అమ్మని లోపల్నించి తీసుకొచ్చేరు. చేతులకి ఇంకా పిండి ఉంది. “మాస్టారూ, ఆ దండ మీరే వేసెయ్యండి,” అన్నారెవరో. “మాకు ఒకసారైపోయిందండి,” అని నాన్నగారు దండ తీసి మామ్మ చేతికిచ్చేరు. మామ్మ కోడలి మెడలో వేసింది. ఏదైనా మాట్లాడమంటే అమ్మ చాలాసేపు చీర చెంగు మడతలు పెట్టి, “వారు పైకి చదివేరండి. నేను విన్నానండి. అంతేనండి,” అంది. పేపరొచ్చిన రోజు తరవాత నాన్నగారు నవ్వడం మళ్ళీ అప్పుడే చూశాను.

ఆ డిగ్రీతో అమ్మకి రాజోలు హైస్కూల్లో ఉద్యోగమైంది. వారం పొడుగునా అక్కడ అద్దె గది, శనివారం సాయంత్రం బస్సుకి ఇల్లు. నాన్నగారు మాత్రం తెల్లవారుజామున వసారాలో అలాగే నడుస్తూ, అలాగే గొంతెత్తి ఇంగ్లీషు చదివేవారు, లోపల వినేవాళ్ళెవరూ లేకపోయినా. మామ్మ కూడా అప్పటికి పోయింది.

రెండేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం ఆయన పేపరుతో వచ్చి సైకిలు స్టాండు వేసేరు. నేను రేడియోలో పాటలు వింటున్నాను, ప్రసాదు బ్యాటుకి గుడ్డ చుడుతున్నాడు. “నా నెంబరుందమ్మా,” అన్నారు. “మంచిది నాన్నగారూ,” అన్నాను. పాట సగంలో ఉంది. కాగితపు గొలుసులు కత్తిరించే వయసు దాటేశానన్నది అప్పట్లో నాకున్న గర్వాల్లో ఒకటి. ఆయన ఒక నిమిషం గుమ్మంలో నిలబడి, “టీ తాగుతారా?” అని అడిగి, లోపలికి పోయి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చేరు. తాగేం.

శనివారం అమ్మ బస్సు దిగి వచ్చి, సంగతి విని, “నాన్నగారు పాసైతే ఏం చేసేరే?” అంది మాతో. నేను నేల చూస్తున్నాను.

“నాకు టీ పెట్టిచ్చేరండి టీచరుగారూ,” అన్నారు నాన్నగారు. “మీ అమ్మాయి అల్లం కూడా దంచి వేసింది.”

అమ్మ నా తల నిమిరింది. నేను కాదనలేదు. తనది కాని పొగడ్త పది నిమిషాలు మెడలో ఉంటే ఓర్చుకోలేక ప్రార్థన ఆపించిన మనిషి, నా కోసం అంత నిబ్బరంగా అబద్ధమాడేరు. ఆయన పోయేక కూడా అమ్మ చాన్నాళ్ళు బతికింది. ఎవరింట్లో అల్లం టీ ఇచ్చినా ఆ కథ చెప్పేది, నేను పక్కనే కూచుని వినేదాన్ని.

ఇప్పుడా బడి లేదు. ఇల్లు పడగొట్టి ఎవరో మేడ కట్టుకున్నారు. పనసాకు బుట్టలు కుట్టేవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరున్నారట. గొంతెత్తి చదివే ఇల్లయితే ఈ చుట్టుపక్కల నేను విన్లేదు. ఎవరి చదువు వాళ్ళ చెవుల్లోనే.

ఇందాక మా అమ్మాయితో, “శనివారం టీ నేను పెడతానే, అల్లం దంచి,” అన్నాను.

“కేటరింగు వాళ్ళు తెస్తారమ్మా. నువ్వు కూచో,” అంది.

కూచున్నాను.