అమ్మ పాదం కింద పెట్రోలు

బంకులో ట్యాంకు మూత బిగిస్తున్నప్పుడు ముక్కుకు తగిలే పెట్రోలు వాసన నన్ను ఇప్పటికీ తిన్నగా జంషెడ్‌పూర్‌కు, అగ్రికోలోని మా క్వార్టరు ముందుకు తీసుకుపోతుంది. వేసవి పొద్దుటి పూట, ఎండ ఇంకా ముదరకముందే, అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కాలి పంపుతో మా పాత కారు టైర్లకు గాలి కొడుతూ ఉండేది. మెత్తబడ్డ టైరు పెట్రోలు తాగేస్తుందనేది. ఆ తర్వాత డిక్కీ తెరిచి, నాన్న వేసుకు తిరిగే ఇనప సామాను బరువని విసుక్కుంటూ దించేసేది.

మా వీధిలో కారు నడిపే ఆడమనిషి అమ్మ ఒక్కతే. నాన్న కార్ఖానాలో షిఫ్టులకు పోతే ఇల్లు కదిలేది ఎలాగని, పట్టుబట్టి నేర్చుకుంది. పెడలు మీద పాదాన్ని పసిపిల్లను జోకొట్టినంత మెల్లగా ఆనించేది. ఇంజను గొంతు పెంచకముందే పై గేరు వేసేది. బజారులో రిక్షాలు, ఆవులు దూరాన కనిపించగానే కాలు తీసేసేది, బ్రేకుతో పని పడకుండా కారు తనంతట తానే నెమ్మదించేది. రైలు గేటు పడితే ఇంజను ఆపేసి, కిటికీలోంచి చేయి చాచి మాకు వేయించిన శనగలు కొనిపెట్టేది. బాగ్‌బేరాలో ఉండే పెదనాన్నకు ఇదంతా నవ్వులాట.

"ఏటి పార్వతీ, ఎద్దుబండి తోల్తన్నావేటి?" అనేవాడు పదిమందిలో.

"బండి మాది, కాలు నాది బావగారూ" అనేది అమ్మ.

ఒక ఎండాకాలం ఊళ్లో పెట్రోలు కరువైంది. బంకుల ముందు తాళ్లు కట్టేశారు. సరిగ్గా అప్పుడే పక్కింటి ఫోనుకు ఘాట్‌శిలా నుంచి బాబాయి కబురు చేశాడు: పిన్నికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, టాటా ఆసుపత్రికి తేవాలి, అక్కడ ఒక్క జీపూ కదలడం లేదు. నాన్న షిఫ్టులో ఉన్నాడు. ఇంటికి వచ్చి ఉన్న పెదనాన్న కారులో పెట్రోలు ముల్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎల్డానికి సాల్తాది, తిరిగి రాడానికి సాలదు. దారిలో ఆగిపోతే ఆ పిల్ల గతేటి? ఎల్లకు."

"ఎల్లకపోతే గతేటి?" అంది అమ్మ, తలుపు తీస్తూ.

"అయితే నానూ వత్తాను."

"వద్దు. మీ బరువొకటీ."

పిన్ని తల ఒళ్లో పెట్టుకోవడానికి నన్ను మాత్రం ఎక్కించుకుంది. విప్పపూల మత్తు వాసన, వడగాలి, రోడ్డు మీద కదలాడే ఎండమావులు. వాటి మధ్య మా కారు ఒకే వేగంతో సాగింది. తిరుగు ప్రయాణంలో పిన్ని నా చేయి నలిపేస్తూ అరిచింది.

"అక్కా, బేగి పోనీయే!"

అమ్మ కళ్లు ధారలు కడుతున్నాయి. పాదం మాత్రం కదల్లేదు. దిగుడు వస్తే, ముందు సీట్లో ఉన్న బాబాయి "ఇంజనాపీ వదినా, కలిసొత్తాది" అన్నాడు.

"ఆపను. బ్రేకు పట్టకపోతే అందరం పోతాం. నోర్మూసుకుని కూకో."

ఆసుపత్రి మెట్ల ముందుకు చేరాం. చాలాసేపటికి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఇంటికి మళ్లుతుండగా, మా వీధి మలుపులో కారు దగ్గి ఆగిపోయింది. అరుగు మీదినుంచి పెదనాన్న లేచి వచ్చాడు. అమ్మ దిగలేదు.

"తొయ్యండి బావగారూ" అంది.

పెదనాన్న చొక్కా చేతులు మడిచి, వీధంతా చూస్తుండగా, ఇంటిదాకా తోశాడు.

ఆ క్వార్టరును కూల్చేశారు. రైలు గేటు ఉన్నచోట వంతెన లేచింది. మా కారు ఏ కొలిమిలో కరిగిందో తెలియదు. అమ్మా లేదు, పెదనాన్నా లేడు. ఇప్పుడు నా కారు, పెట్రోలు పొదుపుగా నడిపితే, తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది, లేకపోతే ఆర్పేస్తుంది. దాని మీద నేను ఒక కాగితం ముక్క అంటించాను. నాకు మార్కులు వేయడానికి అదెవరు?