అత్త వాకిట్లో ఆగిన పరుగు

మొన్న ఆదివారం మా మనవరాలు సూరత్ నుంచి వీడియో కాల్ చేసి, మెడలో వేలాడుతున్న పతకాన్ని ఒకసారి ఆడించి చూపి, పక్కనే నిలబడిన బట్టతల పెద్దమనిషి వైపు ఫోను తిప్పి ఎవరో చెప్పుకోమంది. నాకెక్కడ తెలుస్తుంది? తీరా చూస్తే ఆయన మా ధర్మవరం అత్త మనవడు. నేను చివరిసారి చూసినప్పుడు ముక్కు కారుతూ, జారిపోతున్న నిక్కరు ఒక చేత్తో పట్టుకుని తిరిగేవాడు. మగ్గాలు మానుకుని ఆ కుటుంబం సూరత్ వెళ్లిపోయిందని విన్నాను గానీ, ఎవరు ఎక్కడున్నారో వెతికే ఓపిక మాకెవరికీ లేకపోయింది. ఈ పిల్ల వెతికింది. ఉద్యోగం చేసుకుంటూనే దేశంలో ఒక్కొక్క రాష్ట్రానికి పోయి మారథాన్ పరుగెత్తుతానని పంతం పట్టింది, పోయిన ప్రతి చోటా ఏదో ఒక చుట్టరికపు కొస పట్టుకుని వాళ్లింట్లో అన్నం తిని గానీ రాదు. చుట్టాలు లేని రాష్ట్రం ఉంటుందా తాతా అని దాని ధీమా. బస్సు వెనకాల తప్ప పరుగెత్తి ఎరగని మన ఈడువాళ్లం ముక్కున వేలేసుకోవడం తప్ప ఏం చేయగలం?

అయితే నేను మాత్రం ఒకప్పుడు కాస్తో కూస్తో పరుగెత్తినవాణ్ణే. డెబ్బైల చివర్లో హిందూపురంలో మా నాయన ఒక బెల్లం మండీలో గుమాస్తా, నేను అదే మండీలో దిమ్మలు తూకానికి పెట్టేవాణ్ణి. మనవరాలికి దేశమంతా రాష్ట్రాలుంటే నాకు ఉన్నవి మూడే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. జాతరకో ఉరుసుకో పరుగు పందెం పెట్టారంటే చాలు, పాసింజరు బండెక్కి పోయేవాణ్ణి. కాళ్లకు చెప్పులుండేవి కావు, ఎవరి పంచె వాళ్లే ఎగ్గట్టుకుని పరుగెత్తడం. పెనుకొండలో మా చిన్నమ్మ ఉండేది, అంటే అమ్మ చెల్లెలు. పందేనికి వచ్చిన పిల్లవాణ్ణి వట్టి కడుపుతో పంపితే తన పరువు పోతుందని తెల్లవారే ఓళిగలు, అదే బొబ్బట్లు, నెయ్యి, పప్పు పెట్టి, వద్దంటే కన్నీళ్లు పెట్టుకునేది. ఆ ఓళిగలు కడుపులో వేసుకుని కోట గోడ పక్కన ఎగువకు పరుగెత్తడం ఎలా ఉంటుందో చెప్పలేను. పెనుకొండలో నేను ఒక్కసారీ గెలవలేదు, చిన్నమ్మ మాత్రం ప్రతిసారీ గెలిచింది.

ఇవాళ్టి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ పందేలకు ఒక కట్టుబాటు ఉండేది. పరుగు పోయే వీధిలో మన చుట్టాలుంటే వాళ్లు చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడాలి, మనం ఆగి, వాళ్ల చేతి నీళ్లు తాగి, అప్పుడు కదలాలి. ఆగకుండా పోతే వాళ్లతో చుట్టరికం మనం వదులుకున్నట్టు. మనం ఆగినా చెంబు బయటికి రాకపోతే వాళ్లు వదులుకున్నట్టు. నోరు తెరిచి నీళ్లడగడం మాత్రం ఎవరికీ లేదు. అందుకే చుట్టాలు ఎక్కువగా ఉన్నవాడు పందెంలో గెలిచేవాడు కాదు, గెలిచినవాణ్ణి చూసి పాపం దిక్కులేనివాడు అని ముసలివాళ్లు జాలిపడేవాళ్లు.

ధర్మవరం అత్త మా నాయనకు సొంత అక్క. మగ్గం మీద మామకు సమానంగా కూర్చునే మనిషి. మేనత్త పెట్టిన చీరతో పెళ్లికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మా అక్క పెళ్లికి అత్త ఎవరికీ అప్పజెప్పకుండా తన చేత్తోనే చీర నేసి, గుండెకు హత్తుకుని తెచ్చింది. ముహూర్తం దగ్గరపడ్డాక మగపెళ్లివాళ్లు తాము తెచ్చిన కంచి చీరే కట్టాలని పట్టుబట్టారు. కొత్త సంబంధం, ఎందుకొచ్చిన గొడవ అని నాయన తలూపేశాడు, తన అక్క ఏమీ అనుకోదులే అనుకున్నాడు. అత్త తన చీర మడత పెట్టుకుని, విస్తరిలో చెయ్యి పెట్టకుండా పోయి పాసింజరు ఎక్కేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రాకపోకలు లేవు. నాయన ఎవరెవరితోనో కబురు పంపాడు, అక్కణ్ణుంచి మంచీ లేదు, చెడ్డా లేదు.

అలాంటిది ఒక ఎండాకాలం ధర్మవరంలో జాతరకు పందెమన్నారు. స్టేషను దగ్గర మొదలై, నేతగాళ్ల వీధుల మీదుగా, చెరువు కట్ట దాకా. అంటే అత్త ఇంటి ముందు నుంచే. ముందురోజు నాయన మండీలో బెల్లం దిమ్మల మీద గోనె కప్పుతూ, నా మొహం చూడకుండానే అన్నాడు.

"నువ్వు నిలబడినాంక చెంబు బయటికి రాకపోతే మా అక్క ఇంక నాకు లేదనుకుంటా. నిలబడాల్నో వద్దో నువ్వే చూసుకో."

పందెం మొదలయ్యాక ఏమైందో, ఆ రోజు నా కాళ్లు నా మాట వినలేదు, వాటంతటవే పోయాయి. స్టేషను రోడ్డు దాటేసరికి అందరికంటే ముందు నేనే. వీధిలోకి మళ్లితే ఇరుపక్కలా అరుగుల నిండా ఆడవాళ్లు, చేతుల్లో చెంబులు. పండుగ పూట కాబట్టి మగ్గాలన్నీ ఆగిపోయి వీధికి వీధే కొత్తగా ఉంది. ఒక్క ఇంట్లోంచి మాత్రం మగ్గం చప్పుడు వస్తోంది. తలుపు మూసి ఉంది. అది అత్త ఇల్లు.

ఆగిపోయాను. నా వెనకాల వాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటి పోయారు. వీధంతా నన్నే చూస్తోంది. నాకు భయం వేసింది, పందెం పోతుందని కాదు, సాయంత్రం నాయనకు ఏమని చెప్పాలా అని. చివరివాడు కూడా మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. అప్పుడు మగ్గం చప్పుడు ఆగింది.

తలుపు తీసి అత్త గడపలో నిలబడింది. చేతిలో చెంబు లేదు.

"ఏమిరా, అందరూ పోతాండారు, నువ్వేమి ఈడ రాయి మాదిరి నిలబడుకోనుండావు?"

అడగకూడదు కాబట్టి నేను నోరు విప్పలేదు.

"మీ నాయన నిలబడమన్న్యాడా?"

"లేదత్తా, నేనే నిలబడినా."

నా కాళ్లకేసి చూసింది. కంకర గుచ్చుకుని ఒక మడమ పగిలి ఉంది. లోపలికి పోయింది, తలుపు మాత్రం వేయలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వచ్చేటప్పుడు చేతిలో ఇత్తడి చెంబు, అందులో నీళ్లు కాదు, పానకం. గుక్క మింగగానే తలెత్తి ఆమె మొహంలోకి చూశాను. రోజంతా బెల్లంతో బతికేవాణ్ణి, మా హిందూపురం బెల్లం రుచి నా నాలుకకు తెలియదా? అత్త చూపు తిప్పుకుంది.

"మీ నాయన మీద కోపమైతే బెల్లం ఏం తప్పు చేసిందిరా?"

ఇంక పందెం యాడిది అత్తా, అందరూ చేరిపోయింటారు అన్నాను. దానికి ఆమె చేసిన పని ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు ఎగదోపి, చెంబు చేతిలోనే పట్టుకుని వీధిలోకి దిగింది. "మా ఇంటి పిల్లోడు నడుమల్లో నిలిచిపోయినాడని పేరొద్దు. నడువు!" అని పరుగు అందుకుంది. తల నెరిసిన మనిషి, పగలంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి, పానకం తొణక్కుండా అరచెయ్యి మూత పెట్టి పరుగెడుతోంది. నేను వెనకబడ్డాను! అరుగుల మీదివాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఊళ్లో ఆడమనిషి అలా పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు, అయినా ఒక్కరూ నవ్వలేదు.

చెరువు కట్ట దగ్గర బహుమతి ఇచ్చేయడం కూడా అయిపోయింది, జనం పలచబడ్డారు. ఆ మిగిలినవాళ్లలో, చంకలో గోనెగుడ్డ చుట్టిన బెల్లం దిమ్మ పెట్టుకుని, మా నాయన. తర్వాతి బండికి వచ్చి, వీధిలోకి రావడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడిపోయాడట. పరుగెత్తుకుంటూ వస్తున్న అక్కను చూసి ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. ఆమె ఆయాసపడుతూ ఎదురుగా ఆగి చెంబు చాపింది.

"తాగు. నువ్వూ ఎండలోనే నిలబడుకోనుండావు గదా."

మా నాయన ఏడవగా చూసింది అదొక్కసారే. అత్త దాచిపెట్టిన ఆ చీర ఎనభైల మొదట్లో నా పెళ్లికి నా భార్య కట్టుకుని పీటల మీద కూర్చుంది, ఎవరేమన్నా సరే అని నాయన ముందే మగ్గం దగ్గరికి పోయి చెప్పి వచ్చాడు. ఇత్తడి చెంబు కూడా ఆ పెళ్లిలోనే మా ఇంటికి చేరింది. మనవరాలికి పరుగు నా నుంచే వచ్చిందని ఇంట్లో అంటుంటారు, నేను సరే అని ఊరుకుంటాను గానీ, అది ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇప్పటి పరుగుల్లో దారి పొడుగునా బల్లలు వేసి కాగితపు గ్లాసుల్లో నీళ్లు పెడతారట. ఇచ్చేవాళ్లెవరో, తాగేవాళ్లెవరో, తాగి గ్లాసు అక్కడే విసిరేసి పరుగెత్తుతూనే ఉండాలట. నిలబడితే గడియారం నిలబడదు కదా తాతా అంటుంది ఆ పిల్ల. నిజమే, ఎవరికోసమైనా ఆగి ఓడిపోవడమే మర్యాద అనుకున్న కాలం మాతోనే పోయింది. వచ్చే నెల అది మన రాష్ట్రంలోనే పరుగెత్తుతుంది. చెంబు చింతపండుతో తోమి పెట్టుకున్నాను, బెల్లం తెప్పించాను. దానికి చెప్పలేదు. దారిలో ఒక పక్కన నిలబడతాను. ఆగమని మాత్రం నోరు తెరిచి అడగను.