బోయిగూడలో బిల్లుల బోర్డు

ఆ రోజుల్లో చట్టం అంటే మాకు పైనుంచి ఊడిపడేదే తప్ప ఎక్కడో ఎవరో కూర్చుని తయారుచేసేది కాదు. ఫర్మానా అనేవారు, చాటింపు వేసేవారు, అంతటితో సరి. పోలీసు చర్య అయిపోయి, ఎన్నికలు జరిగి, హైదరాబాదు రాష్ట్రానికి మొదటిసారిగా అసెంబ్లీ ఏర్పడ్డాక మాత్రం బోయిగూడలో మనుషుల నడకే మారిపోయింది. పాలు పోసే ముసలాయన కూడా "మన అసెంబ్లీల ఇయ్యాల ఏం మాట్లాడిండ్రంట" అని ఆరా తీసేవాడు. పాసు తెచ్చుకుంటే ఎవరైనా గ్యాలరీలో కూర్చుని చూడవచ్చన్న సంగతి మాకందరికీ అంతుబట్టని వింత. ఆ వింతలోకి తలదూర్చి, నలభై కుటుంబాలను రోడ్డున పడేయబోయిన ఘనత నాది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు (తెలివి మాత్రం అంతకు రెట్టింపు ఉందని నా నమ్మకం).

మేమంతా ఒకే ఆసామి ఇళ్లలో కిరాయికి ఉండేవాళ్లం. గొలుసులా అంటుకుని ఉన్న పెంకుటిళ్ల వరస. ఆసామి మొలతాడుకు ఎప్పుడూ తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది కాబట్టి అందరూ తాళాల షేట్ అనేవారు. ఆ ఏడు ఆయనకు ఆ వరసంతా పడగొట్టి గోదాములు కట్టాలన్న ఆలోచన పుట్టింది. ఇల్లిల్లూ తిరిగి, పండుగ పిలుపులకు వచ్చినంత మర్యాదగా ఖాళీ చేయమని చెప్పిపోయాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా చిన్నాయన వెంటనే కిరాయిదార్ల సంఘం పెట్టాడు. అసెంబ్లీలో ఇళ్ల గురించి రెండు బిల్లులు రాబోతున్నాయని ఆయనకు ఎవరో చెప్పారు. ఒకటి మంచిదట, ఒకటి చెడ్డదట. ఏది ఏదో కనుక్కుని, మంచిదానికి ఓటేయమని, చెడ్డదాన్ని ఓడించమని మా మెంబరును అడగాలి. అందుకు రోజూ అసెంబ్లీకి పోయి చూసిరావడానికి ఒక మనిషి కావాలి.

"ఉర్దూ చదువొచ్చినోళ్లు కావాలె," అన్నాడు చిన్నాయన, సంఘం మీటింగులో. "గేటుకాడ అతికిచ్చే కాయితం ఉర్దూల ఉంటదట. ఇంగ్లీషుది మెంబర్లకే ఇస్తరట."

"నాకొస్తది చిన్నాయనా," అన్నాను నేను. ఎనిమిదో తరగతి దాకా బడిలో ఉర్దూ ఒక పాఠంగా చదివినమాట నిజమే. అంగడి బోర్డులు కూడబలుక్కుని చదవగలను, బేరం ఆడగలను. ఇక రానిదేముంది?

మా పక్కింట్లో ఉస్తానీ ఖాలా ఉండేది. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు ఉర్దూ చెప్పి మానేసిన మనిషి. మోకాళ్ల నొప్పులు లేకపోతే ఆ పని ఆమెదే. ఆ సాయంత్రం నన్ను పిలిచి, "రాసుకొచ్చినప్పుడల్లా నాకు జెర చూపియ్యి బిడ్డా. చట్టం ఉర్దూ వేరే ఉంటది," అంది. "అట్లనే ఖాలా," అన్నాను. ఒక్కసారి కూడా చూపించలేదు. చూపిస్తే నా ఉర్దూ కాస్తా ఖాలా ఉర్దూ అయిపోదూ!

చిన్నాయన ఒక రేకు ముక్కకు నల్లరంగు పూసి మా అరుగు గోడకు వేలాడదీశాడు. నడుమ గీత గీసి, ఇటు 'మంచివి' అటు 'చెడ్డవి' అని నేను సుద్దతో తెలుగులో రాశాను. రోజూ బస్సెక్కి పోవడం, గేటు దగ్గర కాగితం చదవడం, పాసు దొరికితే గ్యాలరీలో కూర్చోవడం, తిరిగివచ్చి బోర్డు మీద రాయడం. సభలో ఒకాయన తెలుగులో అడిగితే ఇంకొకాయన మరాఠీలో జవాబిచ్చేవాడు, మూడో ఆయన కన్నడంలో అడ్డం తగిలేవాడు. నేను అన్నీ అర్థమైనట్టు తలాడించేదాన్ని. (నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకరోజు, "ఆయన ఏమన్నడమ్మా?" అని అడిగితే, "మంచిగనే అన్నడు," అని చెప్పాను.) బోర్డు దగ్గర పొద్దుకూకేసరికి జనం మూగేవారు. గుడుల పన్ను బిల్లు, బావుల బిల్లు, బండ్ల లైసెన్సు బిల్లు, అన్నింటికీ నా తీర్పే తీర్పు. నేను సుద్ద పట్టుకుంటే మా బాపు కూడా పక్కకు జరిగేవాడు.

చివరికి మా బిల్లులు రెండూ ఒకేరోజు కాగితం మీదకు వచ్చాయి. మొదటిదాని పేరు 'ఇన్సిదాద్-ఎ-బేదఖలీ'. బేదఖలీ అంటే ఇంట్లోంచి వెళ్లగొట్టడమని తెలుసు, తాళాల షేట్ నోట రోజూ విన్న మాటే. ఇన్సిదాద్ ఏమిటి? ఇమ్దాద్ అంటే సాయం కదా, ఇది దాని అన్నయ్యో తమ్ముడో అయివుంటుంది అనుకున్నాను. వెళ్లగొట్టడానికి సర్కారు సాయం! ఎంత అన్యాయం! పళ్లు కొరుకుతూ 'చెడ్డవి' కింద రాశాను. రెండోది 'సహూలత్-ఎ-మాలికాన్-ఎ-మకాన్'. సహూలత్ అంటే సౌకర్యం, మకాన్ అంటే ఇల్లు. నడుమనున్న మాలిక్, అంటే ఆసామి, కొంచెం ఇబ్బంది పెట్టాడు. అయితే మాలిక్ అని దేవుణ్ణి కూడా అంటారు కాబట్టి, దేవుడి దయవల్ల అందరికీ ఇళ్ల సౌకర్యం అని సర్దుకున్నాను. అది 'మంచివి' కింద చేరింది.

మర్నాడు తాళాల షేట్ మా అరుగు ముందు ఆగి బోర్డంతా చదివాడు. ఒకసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇది రాసింది నువ్వేనా బిడ్డా?" అన్నాడు.

"నేనే," అన్నాను, భయపడితే ఒట్టు.

"మంచిగ రాసినవ్. మస్తు మంచిగ రాసినవ్. అర్జీ ఏమన్న పెడుతున్నరా? నేను సుత సంతకం పెడత."

పెట్టాడు కూడా. కిరాయిదార్ల అర్జీ మీద మొదటి సంతకం ఇంటి ఆసామిదే. "ఆయన మనసు మారింది, నీ రాతల బలం గట్లుంది," అని చిన్నాయన నా వీపు తట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో నాకు పెరుగు ఎక్కువ వేశారు.

ఓటింగు రోజు పొద్దున చిన్నాయన సెలవు పెట్టి, తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని అర్జీతో బయల్దేరాడు. నేను తీరిగ్గా నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డాను. ఉస్తానీ ఖాలా తన ఉర్దూ పేపరు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇగ మనల ఎవ్వరూ కదిలియ్యలేరు బిడ్డా. బేదఖలీని ఆపే బిల్లు ఇయ్యాలనే వస్తున్నదట."

"ఆపే బిల్లా? ఏది ఖాలా?"

"ఇన్సిదాద్-ఎ-బేదఖలీ. ఇన్సిదాద్ అంటే ఆపుడు కాదా మరి? నీ బోర్డు మీద రాసిందదే కదా. నాకు తెలుగు చదువ రాదాయె, రోజూ ఊరికెనే చూసిపోతున్న."

బిందె నిండి పొర్లిపోతోంది. నల్లా కట్టేయకుండానే ఖాలాకు మొత్తం చెప్పేశాను, అర్జీ మీద తాళాల షేట్ సంతకంతో సహా. ఖాలా తిడుతుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి బుర్ఖా వేసుకుని వచ్చింది. "నడువు," అంది. మోకాళ్ల నొప్పుల మాట ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

రిక్షా మీద బస్సు దాకా, బస్సులో అసెంబ్లీ దాకా. ఆ రోజు టాంక్‌బండ్ అంత పొడుగ్గా ఎందుకు కట్టారో నాకు అర్థం కాలేదు. ఖాలా మాత్రం నా అరచేతిలో వేలితో రాసి చూపిస్తూ కూర్చుంది. "గిది ఇమ్దాద్. గిది ఇన్సిదాద్. నడుమ సీన్ అక్షరానికి మూడు పళ్లుంటయి. ఆ పళ్లు చూడకుంట చదివినవ్. అవే మనల కరిసినయి."

మేము చేరేసరికి మెట్ల దగ్గర మెంబరు, ఆయన చుట్టూ మావాళ్లు. మెంబరు చేతిలో మా అర్జీ. ఆయన ముఖం చూస్తే జాలేసింది.

"నాకు సమజైతలేదు," అంటున్నాడాయన. "మీరు కిరాయిదార్లే కదా? మిమ్మల్ని మీరే వెళ్లగొట్టుమని అడుగుతుండ్రా?"

"మేం చదువుకున్న పిల్లతోని చూపిచ్చినం సాబ్," అన్నాడు చిన్నాయన, ఛాతీ విరుచుకుని. అంతలో నన్ను చూశాడు. "ఇగో, వచ్చింది. నువ్వే చెప్పు బిడ్డా."

పదకొండుమంది మగవాళ్లు నా వైపు తిరిగారు. ఖాలా నా వెనక నిలబడి ఒక్క మాట కూడా సాయం చేయలేదు. ఇప్పుడనుకుంటాను, కావాలనే చేయలేదు.

"తప్పు నాది," అన్నాను. "నాకు ఇన్సిదాద్ అంటే తెల్వదు. తెల్సినట్టు రాసిన. ఖాలా చూపియ్యమన్నది, నేనే చూపియ్యలే. మంచిది చెడ్డదాంట్ల రాసిన, చెడ్డది మంచిదాంట్ల రాసిన."

చిన్నాయన ఛాతీ మెల్లగా మామూలు కొలతకు వచ్చింది. అప్పుడు మెంబరు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, జేబులోంచి కలం తీసి నాకిచ్చాడు. మెట్టు మీద కూర్చుని అర్జీలో రెండు పేర్లు కొట్టేసి, అటుది ఇటు ఇటుది అటు రాశాను. చిన్నాయన కలం లాక్కుని తాళాల షేట్ సంతకాన్ని తానే కొట్టేశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. లోపలికి పోతూ మెంబరు ఒక్క క్షణం ఆగి, ఖాలా వైపు వంగి మెల్లగా అన్నాడు: "అమ్మా, నేను మద్రాసుల ఇంగ్లీషుల చదివినోణ్ణి. ఆ ఇన్సిదాద్ మాట నాకు సుత నిన్ననే తెలిసింది. ఎవరికీ చెప్పకుండ్రి."

ఆయనే మాకు పాసులు ఇప్పించాడు. గ్యాలరీలో కూర్చున్నాం. స్పీకరు అడిగాడు, కింద చేతులు లేచాయి, మా బిల్లు గెలిచింది. రెండోది కమిటీకి పోయి అక్కడే పడుకుంది. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదని నేను చిన్నాయనకు చెప్పడం మరిచిపోయాను. ఆయన లేచి నిలబడి కొట్టాడు. పైగా వర్క్‌షాపులో సుత్తి పట్టే చేతులాయె, సభంతా మారుమోగింది. ఇద్దరు జవాన్లు వచ్చి ఆయనను చెరో రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోయారు. బేదఖలీని ఆపే బిల్లు నెగ్గిన రోజున మొత్తం ఆ భవనంలో బేదఖల్ అయినవాడు మా చిన్నాయన ఒక్కడే. బయట గేటు దగ్గర కూర్చుని బీడీ కాలుస్తూ, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా మురిసిపోతున్నాడు.

ఆ మరుసటి రోజు నుంచే ఖాలా దగ్గర ఉర్దూ కుదురుగా నేర్చుకున్నాను. ఆ చదువే తర్వాత నాకు సర్కారు ఆఫీసులో అనువాదకురాలి ఉద్యోగం తెచ్చిపెట్టింది. అక్కడ చాలా ఏళ్లు పనిచేశాను. చట్టాలు, నోటీసులు, అర్జీలు ఎన్నో నా చేతులమీదుగా పోయాయి. తప్పులూ చేశాను, కొన్ని ఇన్సిదాద్ కన్నా పెద్దవే. అయితే అప్పటికి ఆఫీసు భాష ఒంటబట్టింది. 'పొరపాటు జరిగినట్లు గమనించడమైనది' అని రాసేదాన్ని. ఎవరు చేశారు, ఎవరు గమనించారు, ఆ వాక్యంలో వెతికినా దొరకరు. పై అధికారులు మెచ్చుకునేవారు. ఒక్కోసారి అలా రాసి సంతకం పెడుతుంటే, అసెంబ్లీ మెట్ల మీద పదకొండుమంది ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్లముందుకొచ్చేది. ఉర్దూ సరిగ్గా రాదు పాపం. 'తప్పు నాది' అనే రెండు మాటలు మాత్రం నాకన్నా ఎంతో బాగా వచ్చు.