బ్యాటరీకి పెట్టిన బొట్టు

ఇప్పుడు మీకు చెప్పబోయేది ఒక ఘోరం. కంగారు పడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పోయింది నా పరువొక్కటే. అదైనా మా అపార్టుమెంటు గేటు దాకా పోయి ఆగిందా? ఇంగ్లీషులో, వీడియోతో సహా, లండను దాకా పోయింది. ఇన్నేళ్ళయినా సెల్లారులోకి దిగితే నేను జనరేటరు వైపు చూడను. చూస్తే అది నన్ను గుర్తుపట్టినట్టే ఉంటుంది.

అప్పట్లో నేను నిజాంపేటలోని మా అపార్టుమెంటుకు కొత్తగా సెక్రటరీనయ్యాను. ఇంకెవరూ ఒప్పుకోకపోతే నన్ను చేశారు. నేను మాత్రం దాన్ని ఘనవిజయం కిందే లెక్కవేసుకున్నాను. పగలంతా హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు ఒకరి కింద పనిచేసి, సాయంత్రం ఇంటికి రాగానే చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకి బయలుదేరేవాణ్ణి. నీళ్ళ మోటారును ఓసారి తట్టేవాణ్ణి, లిఫ్టు తలుపును ఓసారి తట్టేవాణ్ణి. ఎందుకు తడుతున్నానో నాకే తెలియదు.

మా కింది ఫ్లాటులో యాదగిరి గారుండేవారు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కూతురు స్వప్న సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేది. కంపెనీ జనాన్ని తగ్గించుకున్నప్పుడు ఆమెను కూడా ఇంటికి పంపేశారు. నెలల తరబడి తిరిగాక లండను కంపెనీ ఒకటి ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచింది. అదీ సరిగ్గా దసరా నాటి మధ్యాహ్నం. ఇది కూడా తప్పిపోతే ఫ్లాటు అమ్ముకుని ఊరికి పోవడమేనని చెప్తున్నప్పుడు యాదగిరి గారు నా మొహం వైపు చూడలేకపోయారు.

"అన్నా, ఆ టైముకు కరెంటు పోతె ఎట్ల? నా లాప్‌టాప్ బ్యాటరీ ఖరాబైంది, ప్లగ్గు తీస్తె బందైతది. గచ్చిబౌలిల దోస్తు ఇంటికి పోయి కూసుందామనుకుంటున్న" అంది స్వప్న.

"పండగ పూట పరాయి ఇంటికెందుకమ్మా? నేనున్నాను, జనరేటరుంది. కరెంటు పోయిన సంగతి నీకు తెలిసేలోపే వచ్చేస్తుంది."

"పక్కా కదా అన్నా?"

"కాగితం మీద రాసిమ్మంటావా?"

రాసివ్వలేదు కాబట్టి బతికిపోయాను. జనరేటరు ఎంత పెద్దదైనా దాన్ని కదిలించడానికి ఒక బ్యాటరీ ఉండాలి. ఆ బ్యాటరీకి గోడకున్న ఛార్జరు నుంచి ఎప్పుడూ కాస్త కరెంటు అందుతూ ఉండాలి. ఈ ముక్క నాకు తెలియదనుకునేరు. బాగా తెలుసు. తెలిసే చేశాను, సిగ్గంతా అక్కడే ఉంది.

బతుకమ్మ ఆడుకోవడానికి సెల్లారంతా సీరియల్ బల్బులు కట్టించాను. చివరి దండకు ప్లగ్గు పెట్టే చోటు దొరకలేదు. వెతగ్గా జనరేటరు పక్కన ఒకటి కనిపించింది. అందులో ఛార్జరు ప్లగ్గు ఉంది. "ఒక్క పూటే కదా" అని పీకేసి, నా బల్బులు పెట్టాను. ఆడవాళ్ళంతా "ఎంత బాగుందో సెల్లారు!" అన్నారు. ఆ పొగడ్తకు ఛార్జరు సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది. పండగ రోజులన్నీ బల్బులు వెలుగుతూనే ఉన్నాయి, బ్యాటరీ నీరసిస్తూనే ఉంది.

దసరా పొద్దున అందరూ బళ్ళు కడుక్కుని పూజలు చేసుకుంటున్నారు. నా కారుకూ బంతిపూల దండ వేసి, అద్దానికి బొట్లు పెట్టాను. అప్పుడు నా చూపు, పోయి పోయి, ఆ జనరేటరు మీద పడింది. అపార్టుమెంటునంతా మోసే యంత్రానికి ఆయుధపూజ లేకపోవడమేమిటి? దగ్గరికెళ్ళి చూస్తే బ్యాటరీ మీద కేబుళ్ళు బిగించే టెర్మినళ్ళు రెండూ బూజు పట్టినట్టు తెల్లటి పొడి పేరుకుని ఉన్నాయి.

మా ఆవిడ పద్మ చూసి, "ఆ కేబుళ్ళు పీకకండి. మెకానిక్కును పిలవండి" అంది.

"దీపపు కుందులు తోమడానికి మెకానిక్కును పిలుస్తామా?"

"అవి కుందులా?"

సెక్రటరీని ఇలాంటి ప్రశ్నలు ఆపలేవు. కేబుళ్ళు ఊడదీసి, చింతపండు పెట్టి టెర్మినళ్ళను తళతళలాడేలా తోమాను. చేతికి తొడుగు లేదు, కళ్ళకు అద్దాలు లేవు, ఒంటి మీద కొత్త పంచె ఉంది. తర్వాత వాటికి గడపకు రాసినంత మందంగా పసుపు పట్టించి, కుంకుమ బొట్లు పెట్టి, ఆ పసుపు మీదే కేబుళ్ళు బిగించాను. ఆపైన పళ్ళెంలో కర్పూరం వెలిగించి బ్యాటరీకి దగ్గరగా హారతి తిప్పాను.

ఛార్జ్ అవుతున్న బ్యాటరీ లోంచి మండే వాయువు వస్తుందని, దాని దగ్గర నిప్పు చూపిస్తే పేలుతుందని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మేమంతా బయటపడ్డామంటే ఛార్జరు ప్లగ్గు పీకి ఉండటం వల్లే అయ్యుండాలి. నా తెలివితక్కువ పనుల్లో ఒకటి రెండోదానికి అడ్డం పడిందన్నమాట. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెమటలు పడుతున్నాయి.

భోజనాలయ్యాక, ఇంటర్వ్యూ ఇంకాసేపట్లో మొదలవుతుందనగా కరెంటు పోయింది. నేను బాల్కనీలో నిలబడి, వరాలిచ్చే దేవుడిలా చెయ్యెత్తి, "ఇదిగో, వచ్చేస్తుంది" అన్నాను. కింద జనరేటరు "టక్" అంది. కాసేపాగి మళ్ళీ "టక్" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

నేను సెల్లారులోకి ఉరికేసరికి యాదగిరి గారు అక్కడే ఉన్నారు.

"ఏంది సార్ గిది? బ్యాటరీకి గీ పసుపు ఎవరు పూసిన్రు?"

"పూజండీ..."

"పూజ సరే. మరి ఇది నడుస్తదా, నడవదా? పిల్ల పైన పరేషాన్ అయితుంది సార్!"

నా కారు బ్యాటరీ నుంచి వైర్లు కలిపి దీన్ని లేపుదామనుకుని కారు బానెట్ ఎత్తాను. ఈలోగా స్వప్న ఫోను పట్టుకుని మెట్ల మీంచి దిగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా నాకింత సిగ్గనిపించేది కాదు.

"జనరేటర్ ఎందుకు స్టార్టయితలేదు అన్నా?" అంది నెమ్మదిగా.

"బ్యాటరీలో పవర్ లేదమ్మా."

"ఎందుకు లేదు?"

"ఛార్జరు ప్లగ్గు పీకి ఉంది" అన్నాను, అప్పుడే గోడ వైపు చూసి.

"ఎందుకు పీకిన్రు?"

"సీరియల్ బల్బులకు..."

"మళ్ళ పెట్టకుంటె ఎవరైనా చూసుకోరా? ఎవరి డ్యూటీ అది?"

అది రోజూ తనిఖీ చేసే సెక్రటరీ డ్యూటీ. తల దించుకున్నాను. అప్పుడు కనిపించింది, యాసిడ్ తగిలిన చోటల్లా నా కొత్త పంచె చిల్లులు పడి ఉంది.

కారు వైపు వెళ్తున్న నా చేతిలోంచి స్వప్న వైర్లు లాగేసుకుంది. "వద్దన్నా. ఈ కారును కూడ ఖరాబు చేయకున్రి, ఇగ నాకు మిగిలింది ఇదొక్కటే. ఫోన్ల ఛార్జింగ్ లేదు. ఎక్కున్రి."

కారును సెల్లారులోంచి వీధిలోకి తీసుకొచ్చి వేపచెట్టు నీడన ఆపాను. ఫోను కారు ఛార్జరుకు పెట్టాం. ఫోను కదలకుండా పట్టుకునే ఉద్యోగం నాది. స్వప్న వెనక బంతిపూలు, అద్దం మీద బొట్లు. అవతల లండను వాళ్ళు ముగ్గురు.

అంతా బాగానే సాగుతోంది. ఇంతలో వాళ్ళలో ఒకాయన అడిగాడు: "ఏదైనా పెద్ద వ్యవస్థ ఆగిపోతే అసలు కారణం ఎలా పట్టుకుంటారు? ఈమధ్య మీరు చూసింది ఒకటి చెప్పండి."

స్వప్న ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపులో కొంచెం జాలి ఉంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. బల్బులు, ఛార్జరు, చింతపండు, పసుపు, హారతి, ఏదీ వదల్లేదు. చక్కటి ఇంగ్లీషులో, వరుస తప్పకుండా, ఒక్క "ఎందుకు" నుంచి ఇంకో "ఎందుకు"కు దిగుతూ, చివరికి సెక్రటరీ దగ్గరకు వచ్చి ఆగింది. నేను ఫోను పక్కకు వంచేశాను, లండనులో నా పరువుతో పాటు బొమ్మ కూడా ఒరిగింది.

వాళ్ళు పగలబడి నవ్వారు. "ఆ సెక్రటరీ ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది ఒకావిడ.

"ఫోన్ పట్టుకున్నది ఆయనే" అంది స్వప్న.

ఫోను నా వైపు తిప్పమన్నారు. తిప్పాను. దాన్ని స్వప్న పట్టుకుంటే, పసుపు చేతులు జోడించి దణ్ణం పెట్టాను. అంతకన్నా ఏం చేయను?

ఉద్యోగం వచ్చింది. యాదగిరి గారు మిఠాయి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ వల్లనే సార్" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ డబ్బా విప్పకుండానే మా ఆవిడకు అందించేశాను. ఆ అమ్మాయి గట్టెక్కింది నా వల్ల కాదు, నేనున్నా గట్టెక్కింది.

కొత్తగా చేరేవాళ్ళకు ఆ లండను కంపెనీలో ఇప్పటికీ ఆ కథే పాఠమట.

అందుకని ఇందుమూలంగా శపథం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ బ్యాటరీకీ బొట్టు పెట్టను, హారతివ్వను, ఛార్జరు ప్లగ్గు జోలికి పోను. పోదామన్నా వీలు లేదు లెండి. ఆ ప్లగ్గు పైన యాదగిరి గారు పెయింటుతో రాయించిన బోర్డుంది: "ఇది ఎవరూ తీయరాదు. ముఖ్యంగా సెక్రటరీ గారు."