మా మరిది సేనాపతులు

తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క మా పల్లెలో, విరుదునగరం నుంచి తెచ్చిన కంప్యూటరులో మా మరిది రోము రాజ్యపు ఆట ఆడేవాడు. ఆటలో యుద్ధం గెలిచిన సేనాపతికి పదవి ఇచ్చి పట్నానికి అధికారిగా పెట్టేవాడు. కొన్నాళ్లకే మళ్లీ దండులోకి తోలేవాడు.

"పదవి ఇస్తే మర్యాద పెరుగుతాది, వదినె. పట్నంలోనే కూకుంటే సోంబేరి అయి లంచం తింటాడు," అనేవాడు.

తర్వాత తనే పంచాయతీ ప్రెసిడెంటయ్యాడు. తనూ అలా మారతాడేమోనని భయపడి, రోజూ దీపం పెట్టి మొక్కుకున్నాను. ఆ వేసవిలో బోరు చెడి, నీళ్లు లేని వీధివాళ్లు ఇంటికొచ్చారు.

"ప్రెసిడెంటువి, నువ్వే పోవాల్నా? కూకొని ఎవర్నన్నా పంపురా!" అంది అత్తయ్య.

"కూకుంటే నేనూ చెడిపోతానమ్మా," అని నవ్వి, పంచె ఎగగట్టి వాళ్లతో నడిచాడు.

సాయంత్రానికి నీళ్లొచ్చాయి. ఒళ్లంతా గ్రీజుతో తిరిగొచ్చిన మా ప్రెసిడెంటుకు చెంబు అందిస్తూ, ఈ ఇంటి కోడల్ని చేసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.