మూడు అన్న మాట

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా ఆఫీసు పక్క గోదాముకు ఈ ఉదయం సున్నం వేస్తున్నారు. తడి సున్నం వాసన ముక్కుకు తగలగానే సింహాద్రి మావ గుర్తొచ్చాడు. చుట్టం కాదు. పాత ఇళ్ల గోడలు బాగుచేసే పని నాకు నేర్పిన మేస్త్రీ. సుంగై సిపుట్ ఊళ్లో అందరికీ ఆయన మావే.

అక్కడి రబ్బరు తోటలో ఒక దొర కట్టించిన బంగళా ఉంది. ఇంగ్లండులో తన తాతల మహలులో ఉన్నట్టే ఇక్కడా హాలు పైకప్పుకు బొమ్మలుండాలని ఆ దేశం నుంచే చిత్రకారుణ్ణి రప్పించాడట. కప్పు నిండా మబ్బులు, వాటి మీద పూలు చల్లే తెల్లటి ఆడవాళ్లు. ఒక మూల ముగ్గురు మాత్రం చామనచాయ. అందులో ఒకామెకు నత్తు. "దొరల దేవతకి నత్తేటి మావా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "ముందు బూజు దులుపమ్మీ" అన్నాడు. ఆమె ఆయన తల్లి అని నాకప్పుడు తెలియదు.

బంగళాను హోటల్ చేయబోతున్న యజమానికి కప్పంతా తెల్లగా కావాలి. మావ ఎంతో బతిమాలాక, ఆ మూల సంగతి మాత్రం నీ ఇష్టమన్నాడు. అంతలో మావ ఆయాసంతో ఆసుపత్రిలో చేరాడు. ఫోన్ చేశాను.

"మావా, ఆ మూల బొమ్మల్ని ఏటి సేయాల?"

"మూడు..." అన్నాడు. దగ్గు తెర వచ్చింది, ఫోన్ కట్టయింది.

తమిళంలో మూడు అంటే కప్పెయ్యమని. ఇంట్లో తెలుగు, బయట తమిళం విని పెరిగిన చెవి నాది; పనిలో మావా నేనూ రెండూ కలిపే మాట్లాడుకునేవాళ్లం. పాపం, మావ ఆశ వదులుకున్నాడనుకున్నాను. మళ్లీ అడగాలని తోచనే లేదు. సున్నం వేసేశాను.

వారం తర్వాత మావ వచ్చి, తల పైకెత్తి చూశాడు. "మూడు బొమ్మలూ ఉంచమన్నాను గదే" అంటూ మూడు వేళ్లు చూపించాడు. "నత్తున్నది మాయమ్మ. ఈ ఇంట్లో ఆయాగా సేసినాది. బొమ్మలేసినోడు కూకోబెట్టి ఏసినాడు. ఫోటో ఒక్కటీ లేదు."

నిచ్చెనెక్కి గీకడం మొదలుపెట్టాను. సున్నంతో పాటు రంగూ పొడిపొడిగా నా మొహం మీద రాలింది. "సాల్లే, దిగమ్మీ. మనం తెలుగే మాటాడుకోక వచ్చినాది ఇది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. ఆ దుఃఖం నాకింకా తీరలేదు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఎవరేం చెప్పినా రెండోసారి చెప్పించుకుంటాను, విసుక్కుంటారు. మూడు అనాల్సి వస్తే మూడు వేళ్లు ఎత్తి మరీ అంటాను. ఫోన్‌లో మాట్లాడుతున్నా సరే, ఎత్తుతాను.