అక్క కాలికి కళ్లెం

వీధిలో ఆయన కారును సైకిళ్లు కూడా దాటిపోతాయి. రేడియోలు బాగుచేసే ఆయనకు అన్నింటా నెమ్మదే. టంకం పెట్టిన చోటు చల్లారిపోయినా ఇంకోసారి ఊదుతాడు, కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూస్తాడు. ఆ కారుది రోటరీ ఇంజను. లోపల పిస్టన్లుండవు, మూడు మూలల బిళ్లలు గిర్రున తిరుగుతుంటాయి. యాక్సిలరేటరు ఎంత తొక్కినా మూలగదు. వేగం హద్దు దాటినా హాయిగా పాడుతూనే ఉంటుంది. పోయినేడు వాళ్లక్క ఆ పాట నమ్ముకుని తొక్కీ తొక్కీ ఇందులోని పాత ఇంజనును మూలకు చేర్చింది. అప్పట్నుంచి ఆయన సాయంత్రాలన్నీ ధారపోసి ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో ఒక పరికరం అమర్చాడు. ఇంజను వేగం హద్దు దాటగానే అది ప్లగ్గులకు కరెంటు రెప్పపాటు ఆపి, తగ్గగానే వదులుతుంది. హద్దు పెంచడానికీ తగ్గించడానికీ పాత రేడియో సౌండు బటన్ బిగించాడు.

తీరా అన్నీ కుదిరాక చిక్కొచ్చిపడింది. అది పనిచేస్తుందో లేదో చూడాలంటే హద్దు దాటేలా తొక్కాలి, అంత గట్టిగా తొక్కే గుండె ఆయనకు లేదు. హద్దు కాస్త తగ్గించి పెట్టి, గొంతు సవరించుకుని, అక్కకే తాళాలిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు ఎక్కగానే ఆవిడ అదిమి తొక్కింది. పాడుతున్న ఇంజను ఉన్నట్టుండి టపటపమని తడబడింది. ఆవిడ బెదిరిపోయి కాలు తీసేసింది. "అయ్యో, మళ్లీ చెడగొట్టానా తమ్ముడూ?" "నువ్వేం చెయ్యలేదక్కా! నా పెట్టే ఆపింది!" ఆవిడ సబ్బుపెట్టెను, వెలిగిపోతున్న తమ్ముడి మొహాన్ని మార్చి మార్చి చూసింది. "అంటే, నా కాలికే కళ్లెం వేశావన్నమాట!" ఆయన బటన్ తిప్పి హద్దు కాస్త పెంచాడు. మెల్లిగా పోనివ్వమని ఇన్నేళ్లూ ఆవిడ ప్రాణం తీసినవాడు, సీటులో ముందుకు జరిగి, "ఇంకొక్కసారి గట్టిగా తొక్కక్కా," అన్నాడు.